తోకలో గాటు

యూచిన్ మావగారు జువాంగ్ చాలా మంచివాడని ఊరంతా అంటుంది. ఊరంతా ఆయనతో ఒకే ఇంట్లో ఉండదు కాబట్టి అనగలదు. పొద్దున్న లేవగానే ఆయన కోడలిని "తిన్నావా" అని అడగడు. హోటలు ముందు వరసగా ఉన్న గాజు తొట్టెల దగ్గరికి రబ్బరు చెప్పులు టపటపలాడించుకుంటూ వెళ్ళి పండుగప్పల్ని పలకరిస్తాడు. నీళ్ళు చల్లగా ఉన్నాయా, గాలి సరిగ్గా ఆడుతోందా, పక్క చేప ఏమైనా అందా అని. పెళ్ళయిన పదకొండేళ్ళలో కోడలి పుట్టినరోజు ఒక్కసారీ గుర్తు రాలేదు గానీ, మూడో తొట్టెలో మూల నక్కిన చేప ఏ పడవ మీద ఏ వారం వచ్చిందో నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. ఇక తప్పు ఒప్పుకోవడమంటారా, ఆ సరుకు ఆయన దుకాణంలో దొరకదు.

శుక్రవారం మధ్యాహ్నం కూడా దొరకలేదు.

ఆ రోజు ఎనిమిది బల్లలూ నిండాయి. నగరం నుంచి క్వాంగ్ అనే లావుపాటి మనిషి తన ఆఫీసు వాళ్ళని వెంటేసుకొచ్చాడు. రేవు ఊళ్ళన్నీ తిరిగి తిని, తిన్నది ఎలా ఉందో ఫొటోలతో సహా ఫోన్లో లోకానికి చెప్పే రకం. తొట్టెల ముందు చాలాసేపు నిలబడి, "అది కాదు, దాని వెనకాలది, ఇప్పుడు తిరిగింది చూడండి, అదీ!" అని ఒక పండుగప్పను ఎంచుకున్నాడు. జువాంగ్ చేతివలతో దాన్ని పైకి తీసి, చిల్లుల బుట్టలో నీళ్ళు కారనిచ్చి, కాటా మీద పెట్టాడు. చేప ఎగిరెగిరి పడుతుంటే క్వాంగ్ వంగి, బొటనవేలి గోటితో దాని తోక అంచున చిన్న గాటు చీల్చాడు.

"మీ మీద నమ్మకం లేక కాదు జువాంగ్ గారూ. అలవాటైపోయింది."

"చీల్చండి చీల్చండి. కావాలంటే మీ పేరు కూడా రాయండి," అని జువాంగ్ నవ్వాడు.

నవ్వాడు గానీ బుట్ట వంటగదికి పంపుతున్నప్పుడు ఆయన చెవులు ఎర్రగా ఉన్నాయి. బతికున్న చేపను చూపించి లోపల చచ్చినదాన్ని వండి పెట్టే హోటళ్ళు ఈ తీరంలో ఉన్నాయి కాబట్టి తెలిసిన వాళ్ళు తమ చేపకు గుర్తు పెట్టుకుంటారు. ముప్పై ఏళ్ళలో ఒక్కసారి కూడా చేపను మార్చని మనిషికి ఆ గాటు ప్రతిసారీ చెంప మీద పెట్టినట్టే ఉంటుంది.

ఈ గాటు సంగతి యూచిన్‌కి తెలియదు. ఆవిడ అప్పుడు పెరట్లో ఆల్చిప్పలకి ఇసుక కడుగుతోంది.

వంటగది పెంగ్ అక్కది. యాభై దాటిన పెంగ్ యేజెన్ కొండల్లోంచి వచ్చి నాలుగేళ్ళుగా ఇక్కడే వండుతోంది. నలభై ఏడేళ్ళు వచ్చేదాకా సముద్రం మొహం చూడని మనిషి చేతికి సముద్రపు చేప ఇంత బాగా ఎలా లొంగిందని ఊళ్ళో ఆడవాళ్ళు ఇప్పటికీ కుళ్ళుకుంటారు. ఆవిడ చేపను శుభ్రం చేసి, పళ్ళెంలో రెండు పుల్లలు అడ్డంగా పెట్టి దాని మీద పడుకోబెట్టి, కింద ఆవిరి ఆడేలా చేసి మూత పెట్టింది. గడియారం చూడదు. రెండు బుట్టల ఆకుకూర కడగడం అయ్యేసరికి చేప ఉడుకుతుంది. మూత తీసి, పళ్ళెంలో ఊరిన నీళ్ళు పారబోసి, నూనె కాచడానికి పొయ్యి వైపు తిరిగింది.

మిగతా పని యూచిన్‌ది. పళ్ళెం అంచు తుడవాలి, ఉల్లికాడల పీచు పరవాలి, తోక కత్తిరించాలి. ఈ చివరిది వంట పుస్తకాల్లో ఉండదు. గాజుకి రాసుకుని రాసుకుని తొట్టెలో చేపల తోకలు చీపుళ్ళయిపోతాయి. "చూసినవాడు ఇది మన దగ్గర అద్దెకుంటోందనుకుంటాడు. కాస్త కనపడకుండా ఏదైనా చెయ్యి," అని చలికాలంలో ఓసారి మావగారు గొణిగితే, యూచిన్ తన కుట్టుపని కత్తెర తెచ్చి వంటగదిలో మేకుకి తగిలించింది. ఆ రోజు కూడా చేతికందిన తోకను చేతికందినట్టే కత్తిరించింది. కచ్, కచ్. చిరుగులన్నీ బకెట్లో పడ్డాయి, తోక కొత్త దువ్వెనలా తయారైంది. పెంగ్ అక్క మరిగిన నూనె పోసింది. ఉల్లికాడలు చిటపటలాడాయి.

పళ్ళెం బల్ల మీద పెట్టి రెండడుగులు వెనక్కి వేసిందో లేదో, క్వాంగ్ గొంతు లేచింది.

"ఇది నా చేప కాదు!"

బల్లలన్నీ ఒక్కసారి మాటలాపేశాయి.

"తోకలో గాటు పెట్టాను. ఇదిగో వీళ్ళంతా చూశారు. గాటేదీ? ఇంత శుభ్రంగా ఉందేంటి తోక?"

యూచిన్‌కి బకెట్ కళ్ళ ముందు కనపడింది. నోరు తెరిచింది కూడా. కానీ అప్పటికే జువాంగ్ తొట్టెల దగ్గర్నుంచి పరుగున వచ్చి, తోక చూసి, తెల్లగా పాలిపోయి, వంటగది వైపు తిరిగాడు.

"పెంగ్! ఏం చేశావ్ నువ్వు? ఏ చేప పెట్టావ్?"

పెంగ్ అక్క గరిటె పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. "మీరు పంపిందే బాబాయ్."

"నేను పంపిందైతే గాటేది? నా చేతులతో పట్టాను, నా కళ్ళతో చూశాను! దొంగబుద్ధి కాకపోతే ఏంటిది?" అని, క్వాంగ్ వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "క్షమించండి బాబూ. కొండమనిషి. ఎంత నేర్పినా అంతే. పంపించేస్తాను. ఇవాళే చెప్తున్నాను, పంపించేస్తాను."

క్వాంగ్ తినకుండానే లేచాడు. లేచేముందు ఫొటో తీసుకున్నాడు, చేపదీ, హోటలు బోర్డుదీ, గుమ్మంలో గరిటెతో నిలబడిన మనిషిదీ. తాకని చేప బల్ల మీద ఆవిర్లు కక్కుతూనే ఉంది. తాజా చేపకి ఉడికాక వీపు దగ్గర కండ విచ్చుకుంటుంది, రెక్కలు నిక్కబొడుచుకుంటాయి. ఆ చేప వీపు విచ్చుకునే ఉంది, రెక్కలు నిలబడే ఉన్నాయి. చూడ్డం వచ్చిన వాడికి అదే చాలు. ఆ గదిలో చూడ్డం వచ్చినవాడు జువాంగ్ ఒక్కడే, ఆయనేమో తోకే చూస్తున్నాడు.

ఆ సాయంత్రం ఆయన పెంగ్ అక్కతో, "ఆదివారం కో మామ్మ ఎనభయ్యో పుట్టినరోజు విందుంది కదా, పన్నెండు బల్లలు. అది కానిచ్చి వెళ్ళు," అన్నాడు.

దొంగ చేత పన్నెండు బల్లలకి వండించడంలో ఆయనకేమీ వింత తోచలేదు. యూచిన్‌కి తోచింది గానీ, నవ్వు రాలేదు.

*

శనివారం పొద్దునకల్లా ఫొటో ఊరు చుట్టేసింది. ఐస్ ఫ్యాక్టరీ దగ్గర, చేపల వేలంపాట దగ్గర, అందరి ఫోన్లలోనూ గరిటె పట్టుకున్న పెంగ్ అక్కే. పక్క రేవు హోటలు వాళ్ళు ఆమధ్య రెండుసార్లు ఆవిణ్ణి పనికి రమ్మని పిలిచారు. ఇవాళ ఆవిడే ఫోన్ చేస్తే, మా దగ్గర ఖాళీ లేదన్నారు. చేప మార్చే మనిషని పేరు పడ్డాక ఈ తీరం మీద ఎవరు పొయ్యి అప్పజెప్తారు?

యూచిన్ రాత్రంతా నిద్రపోలేదు. భర్త పడవ మీద మూడు రోజుల వేటకి పోయాడు, ఫోన్ అందదు. అందినా "నాన్నతో నువ్వే చెప్పు" అనేవాడు, పదకొండేళ్ళుగా అన్నదే అది. పొద్దున్న నుంచి మూడుసార్లు మావగారి దగ్గరికి వెళ్ళి మూడుసార్లు వెనక్కి వచ్చింది. మొదటిసారి ఆయన పళ్ళు తోముకుంటున్నాడు. రెండోసారి ఎవరో పీతల బేరానికి వచ్చారు. మూడోసారి ఏ అడ్డూ లేదు. అందుకే వెనక్కి వచ్చేసింది.

నాలుగోసారి ఆయన మూడో తొట్టెలోకి భుజాల దాకా వంగి గాజుకి పట్టిన పాచి రుద్దుతున్నాడు. మొహం కనపడదు. అదే మేలనుకుంది.

"మావయ్యా, నిన్న చేప మారలేదు."

రుద్దుతూనే ఉన్నాడు.

"గాటు ఉందని నాకు తెలీదు. తోక నేనే కత్తిరించాను. గాటు కూడా అందులో పోయింది. పెంగ్ అక్క తప్పేం లేదు."

రుద్దడం ఆగింది. యూచిన్ తన కాలి బొటనవేళ్ళ వైపు చూస్తూ నిలబడింది. ఆయన చెయ్యి బయటికి తీశాడు.

"ఎవరికైనా చెప్పావా?"

"లేదు."

"అయితే చెప్పకు."

"మావయ్యా..."

"ఆ లావాయనకి ఏం చెప్పమంటావ్ అమ్మాయ్? మా కోడలు తోక కత్తిరించిందండీ అనా? ఎందుకు కత్తిరించిందంటాడు. చిరిగిపోయిందండీ. ఎందుకు చిరిగిందంటాడు. తొమ్మిది రోజులుగా తొట్టెలో ఉందండీ. తాజాదని చెప్పి తొమ్మిది రోజులా! అంటాడు. అప్పుడు? ఇప్పుడైతే వంటావిడ దొంగ. అప్పుడు హోటలే దొంగ. ఏది నయం?"

ఆయన లెక్కలో యూచిన్‌కి తప్పేమీ కనపడలేదు, అదే ఆవిడ్ని భయపెట్టింది.

"ఓ రెండు నెలలు పోనీ. జనం మర్చిపోతారు. ఫోన్ చేసి మళ్ళీ పిలుద్దాం," అని గుడ్డ పిండి మళ్ళీ తొట్టెలోకి వంగాడు. చేపలు ఆయన చేతికి అలవాటు పడ్డవే, పక్కకి తొలగలేదు.

మధ్యాహ్నం వంటగదిలో పెంగ్ అక్క తన కత్తిని నూనె గుడ్డలో చుడుతూ, "ఇలా రా యూచిన్. నేను పోయాక ఆవిరి పని నీ మీదే పడుతుంది," అంది. పెద్ద చేపకి ఎంతసేపు, చిన్నదానికి ఎంతసేపు, మూత ఎప్పుడు తియ్యకూడదు, అల్లం ఎక్కువైతే తినేవాళ్ళు ఏదో దాస్తున్నామనుకుంటారు, అన్నీ చెప్పింది. నిదానంగా, కోపం లేకుండా.

"పుల్లల మీదే పడుకోబెట్టు. నేరుగా పళ్ళెం మీద పెడితే అడుగు ఉడకదు." పెంగ్ అక్క గుడ్డని కత్తికి ఇంకో చుట్టు చుట్టింది. "ఇక తోక సంగతి నీకు తెలిసిందే."

యూచిన్ తలెత్తింది.

"నీకు తెలుసా అక్కా?"

"నూనె కాచేటప్పుడు వీపు తిప్పుతాను గానీ చెవులు తియ్యను కదే. ఆ కత్తెర చప్పుడు రోజూ వింటున్నదేగా."

"మరి నిన్న ఎందుకు చెప్పలేదు?"

"నేను చెప్తే? తప్పించుకోడానికి ఇంటి కోడలి మీద తోసింది, కొండబుద్ధి పోనిచ్చుకుంది కాదు అనేవాళ్ళు." పెంగ్ అక్క మూట ముడి బిగించింది. "నువ్వు చెప్తావని చూస్తున్నాను."

"మావయ్యకి చెప్పాను. పొద్దున్నే."

"ఏమన్నాడు?"

యూచిన్ వెల్లుల్లి బుట్ట ముందుకి జరిపింది. పెంగ్ అక్కకి అదే జవాబైంది. చేతులు తుడుచుకుని, రేపటికి వెల్లుల్లి వలవడానికి కూచుంది.

*

ఆదివారం, ఉన్న ఎనిమిది బల్లలకి తోడు ముంగిట్లో అద్దెవి నాలుగు వేస్తే, పదకొండింటికే పన్నెండు బల్లల మనుషులూ దిగారు. విందులో ఎవరూ చేపలు ఎంచుకోరు. పెట్టింది తింటారు. కానీ ఫొటో చూసిన జనం కదా. ముందు కో మామ్మ పెద్దకొడుకు తొట్టె దగ్గరికి వచ్చి, "మా బల్లకి ఏది వండుతున్నారో ఓసారి చూపించండి బాబాయ్," అంటూ గాటు పెట్టాడు. ఆయన్ని చూసి రెండో బల్ల వాళ్ళు, వాళ్ళని చూసి మూడో బల్ల. ఒకావిడ జుట్టు రబ్బరు తీసి తోకకి చుట్టింది. ఒకాయనకి ఒక గాటు చాలక రెక్కకీ తోకకీ కలిపి మూడు పెట్టాడు. తడి చేప మీద పెదాల రంగు నిలుస్తుందో లేదో తేల్చుకోడానికి ఒకమ్మాయి సగం గొట్టం ఖర్చు చేసింది. జువాంగ్ ఒక్కో చేపనీ వలతో తీసి, ఒక్కొక్కరి ముందూ పట్టుకుని, "పెట్టండి, పెట్టండి," అంటూనే ఉన్నాడు. నాలుగో చేప దగ్గర నవ్వు అయిపోయింది. పదో చేప దగ్గర గొంతు కూడా.

వంటగదిలో యూచిన్ కత్తెరని మేకు మీద నుంచి తీసి బియ్యం డబ్బాలో కుక్కేసింది. పన్నెండు పళ్ళాలూ చిరిగిన తోకలతో, గాట్లతో, రబ్బరుతో, ఎర్ర మరకలతో అలాగే బయటికి వెళ్ళాయి.

ఎవరూ తినలేదు. పన్నెండు బల్లల దగ్గరా తలలు వంగి తోకల మీదకి చేరాయి.

"ఇదిగో మన గాటు!"

"మనదీ ఉంది!"

"రబ్బరు ఉడికిపోయిందే..."

పెద్ద బల్ల దగ్గర ఎర్ర చొక్కా వేసుకుని కూచున్న కో మామ్మ చాప్‌స్టిక్స్‌తో గిన్నె అంచు మీద కొట్టింది. "చల్లారిపోతోందిరా! పుట్టినరోజు నాదా, తోకదా?"

నవ్వులు. చేపలు విడిపోవడం మొదలైంది. ఆ నవ్వుల మీదే పెద్దకొడుకు గ్లాసు పట్టుకుని లేచాడు.

"బాబాయ్, ఆ దొంగావిడ్ని పంపించేసి మంచి పని చేశావ్! చూడు, వంట ఎంత తేడా వచ్చిందో. ఇదీ చేపంటే!"

జువాంగ్ గ్లాసు ఎత్తాడు. కాదనలేదు. గుమ్మంలో పెంగ్ అక్క, ఆఖరి పళ్ళెం చేతిలో పట్టుకుని, విన్నది. ఆవిడ వెనక్కి తిరిగి లోపలికి వెళ్ళిపోబోయింది.

"ఆవిడే వండింది," అంది యూచిన్.

తన గొంతు తనకే వింతగా, సన్నగా వినపడింది. పెద్ద బల్ల అంతా తిరిగి చూసింది. ఇంకోసారి చెప్పాల్సి వచ్చింది.

"ఇవాళా ఆవిడే వండింది, శుక్రవారమూ ఆవిడే. చేప మారలేదు. తోక నేను కత్తిరించాను. గాటు ఉందని నాకు తెలీదు. చిరిగిన తోక కనపడితే బాగుండదని కత్తిరించాను."

"ఎందుకు చిరుగుతుందమ్మా తోక?" అన్నాడు పెద్దకొడుకు.

ఇదే. మావగారు వేసిన లెక్క సరిగ్గా ఇక్కడికే వచ్చింది. ఆయన గ్లాసు అలాగే గాల్లో ఉంది, చూపు కోడలి నోటి మీద ఉంది.

"తొట్టెలో రాసుకుని. అది తొమ్మిది రోజులుంది."

ఎక్కడో ఒక చెంచా కింద పడింది. ఇప్పుడు లేస్తారు, అనుకుంది. ముందు ఈ బల్ల, తర్వాత మిగతా పదకొండూ.

కో మామ్మ బుగ్గలో ముక్కని ఒక పక్కనుంచి ఇంకో పక్కకి మార్చుకుంది. పళ్ళు లేవు కాబట్టి టైము పట్టింది.

"తోక ఎవడు తింటాడే?" అంది. "ఇంకాస్త ఆ పులుసు ఇటు పొయ్యి."

అంతే. పెద్దకొడుకు కూచున్నాడు. ఎవరో రొయ్యల పళ్ళెం ఇటు తిప్పమన్నారు. పన్నెండు బల్లల్లో ఒక్కటీ లేవలేదు. జువాంగ్ చేతిలో గ్లాసు మాత్రం తాగకుండానే కిందికి దిగింది.

*

నాలుగింటి బస్సుకి పెంగ్ అక్క సంచీతో రోడ్డు మీదకి వచ్చి నిలబడింది. యూచిన్ వెనకాలే పరిగెత్తింది.

"అందరికీ చెప్పేశాను కదక్కా. ఇంకా ఎందుకు పోవడం?"

"నువ్వు చెప్పావు. నాకు సంతోషంగానే ఉంది." పెంగ్ అక్క సంచీ భుజం మార్చుకుంది. "కానీ నన్ను దొంగన్నది నువ్వు కాదు కదే. ఆ ఫోన్లో ఉన్న బొమ్మ పక్క రేవు వాళ్ళకీ మా ఊరి వాళ్ళకీ కూడా పోయింది. మా చెల్లెలు ఏడుస్తూ ఫోన్ చేసింది. కో మామ్మ విందులో నువ్వు చెప్పింది వాళ్ళకెవరికి వినపడింది?"

మలుపులో బస్సు దుమ్ము లేచింది. యూచిన్ సంచీ పట్టీ గట్టిగా పట్టుకుంది, బస్సుని తానే ఆపగలిగినట్టు.

రబ్బరు చెప్పుల చప్పుడు వెనక నుంచి వినపడింది. జువాంగ్ తడి చేతులతోనే వచ్చాడు. వాళ్ళిద్దరికీ రెండు బారల దూరంలో ఆగి, జేబులోంచి ఫోన్ తీసి, చొక్కాకి తుడిచి, క్వాంగ్ బల్ల చెప్పుకున్న నంబరుకి మాట రికార్డు చేసి పంపడానికి నోటి దగ్గర పెట్టుకుని బొటనవేలితో నొక్కి పట్టాడు.

"క్వాంగ్ గారూ, నమస్కారం. తిన్నారా? ఇక్కడ వాతావరణం..." అని, వేలు పైకి జరిపి చెరిపేశాడు.

మళ్ళీ నొక్కాడు. "క్వాంగ్ గారూ, మొన్న చిన్న పొరపాటు ఒకటి జరిగింది..."

"దానంతటదే జరిగిందా బాబాయ్?" అంది పెంగ్ అక్క, బస్సు వైపే చూస్తూ.

చెరిపేశాడు. బస్సు వచ్చి ఆగింది. తలుపు తెరుచుకుంది. డ్రైవరు తల బయటికి పెట్టి, "ఎక్కుతారా లేదా?" అన్నాడు. పెంగ్ అక్క ఒక కాలు మెట్టు మీద పెట్టింది.

జువాంగ్ మూడోసారి నొక్కాడు; ఇది చెరపలేదు. ఈసారి ఫోన్ని చూడలేదు, మెట్టు మీదున్న ఆ కాలినే చూస్తూ, బస్సు ఇంజను మీద వినపడేలా గొంతు పెంచి మాట్లాడాడు.

"క్వాంగ్ గారూ, నేను జువాంగ్‌ని. మీరు గాటు పెట్టిన చేపే మీ బల్ల మీదకి వచ్చింది. మా పెంగ్ యేజెన్ ఏమీ మార్చలేదు. తొట్టెలో తొమ్మిది రోజులున్న చేప అది. చిరిగిన తోక కనపడకుండా చెయ్యమన్నది నేను. ఏమీ తెలుసుకోకుండా ఆవిణ్ణి నలుగురిలో దొంగన్నదీ నేనే. నిజం తెలిశాక కూడా ఊరుకున్నాను. ఇది అందరికీ వినిపించండి. తప్పు నాది."